ఐదు లక్షల ఇరవై వేల డస్ట్ ఎవరికి పోయాలె?

పోకెమాన్ గో ఆటలో ఒక్క జీవిని ఒకటో లెవల్ నుంచి యాభయ్యో లెవల్ దాకా పెంచాలంటే 5,20,000 స్టార్‌డస్ట్ కావాలి. దాంతోపాటు ఆ జాతి క్యాండీలు 304, ఎక్స్‌ఎల్ క్యాండీలు 296. మామూలు జీవిని పట్టినప్పుడల్లా చేతికొచ్చే డస్ట్ 100. అంటే ఒక్క జీవిని పూర్తిగా మేపడానికి 5,200 జీవులను పట్టాలి. హైదరాబాద్‌లో ఉన్నవాడికి అడుగడుగునా ఆట సరుకు ఇచ్చే స్టాపులు, జీవులను పట్టే బంతులకు కొదవ లేదు కాబట్టి ఎలాగో సర్దుకుంటాడు. దేవరకొండలోనో, మక్తల్‌లోనో ఉన్నవాడికి స్టాపులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాడికి ప్రతి పిడికెడు డస్టూ ఆచితూచి పోయాల్సిందే. అందుకే ఈ ఆటలోని రికార్డులను ఈసారి నల్లగొండ, పాలమూరు లెక్కన చూద్దాం. ఏది పెద్దది, ఏది బరువైనది, ఏది అరుదైనది అని చెప్పుకుంటూనే, దానికి డస్ట్ పోయొచ్చా వద్దా అన్న తీర్పు కూడా పక్కనే రాసుకుందాం.

ముందే ఒక మాట. రికార్డు కొట్టిన జీవులకు పోసిన డస్ట్ చాలావరకు నేలపాలే.

ఒకప్పుడు అందరికన్నా పెద్దది, ఇప్పటికీ అందరికన్నా సోమరి

స్లేకింగ్ అని ఒకటుంది. గొరిల్లా ఆకారం, ఒక చేత్తో తల ఆనించుకుని పడుకునే ఉంటుంది. యాభయ్యో లెవల్‌లో దీని సీపీ, అంటే పోరాట బలాన్ని చూపే అంకె, 5,010. ఆట మొదలైన కొత్తలో లేదు గానీ, వచ్చిన నాటి నుంచి ఏళ్ల తరబడి ఈ అంకె చూసే పిల్లలు నోరెళ్లబెట్టారు. మ్యూటూ అంతటిదానికే 4,724. అయితే స్లేకింగ్‌కు ఉన్న వేగపు దెబ్బ ఒకే ఒక్కటి, ఆవులింత. ఆ ఆవులింతతో ఎదుటివాడికి తగిలే నష్టం సున్నా. ఆట తయారుచేసినవాళ్లు దీనికి బలం ఇచ్చి, పని చేసే బుద్ధి మాత్రం కావాలనే ఇవ్వలేదు. కొత్త ఆటగాడు మొదట డస్ట్ పోసేది దీనికే. పాత ఆటగాడు మొదట వద్దని చెప్పేదీ దీన్నే.

సీపీ అంకె చూసి మోసపోవడానికి ఇంకో కారణం ఉంది. లెవల్ పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, లాభం తరుగుతుంది. ఒకటి నుంచి ముప్పైకి 1,20,000 డస్ట్. ముప్పై నుంచి నలభైకి 1,50,000. నలభై నుంచి యాభైకి 2,50,000. ముప్పయ్యో లెవల్‌కే జీవికి రావాల్సిన బలంలో నూటికి 87 వంతులు వచ్చేస్తుంది. నలభైకి 94. ఆ చివరి ఆరు వంతుల కోసం సగం డస్ట్ ధారపోయాలి! నన్నడిగితే స్టాపులు కరువైన ఊళ్లో ఒకదాన్ని యాభైకి తీసుకెళ్లడం కన్నా ఇద్దరు ముగ్గురిని ముప్పై దాటించి ఆపడం మేలు. రైడ్‌లో, అంటే ఒక పెద్ద జీవి మీద చేసే దాడిలో, మన ఆరు జీవులూ కలిసి కొట్టాలి. ఒక్క పహిల్వాన్ వల్ల పని జరగదు.

4,096లో ఒకటి

ప్రతి జీవికి పుట్టుకతో మూడు గుణాలు ఉంటాయి. దెబ్బ, రక్షణ, ప్రాణం. ఒక్కోదానికి సున్నా నుంచి పదిహేను మార్కులు. మూడింటిలోనూ పదిహేను పడితే దాన్నే కుర్రాళ్లు హండో అంటారు. పదహారు పదహార్లు, మళ్లీ పదహార్లు, మొత్తం 4,096. ఊరికే దారిలో దొరికే జీవి హండో అయ్యే అవకాశం 4,096లో ఒకటి. వాతావరణం కలిసొచ్చిన జీవి అయితే ఏ గుణమూ నాలుగుకు తగ్గదు గనక 1,728లో ఒకటి. రైడ్‌లో గెలిచినదైతే పదికి తగ్గదు, 216లో ఒకటి. లక్కీ మార్పిడిలో వచ్చినదైతే పన్నెండుకు తగ్గదు, 64లో ఒకటే.

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లో, టీ కొట్టు రేకు నీడన, ఇద్దరు అన్నదమ్ముల మాటలు ఇలా సాగుతాయి. చిన్నోడు ఫోన్ మొహం మీదికి పట్టుకుని ఉంటాడు. తెర మీద మూడు గీతలూ చివరంటా నిండి, నారింజ రంగు కాస్తా ఎర్రబడి ఉంటుంది.

"అన్నా, హండో! మూడూ ఫుల్లే! డస్ట్ మొత్తం పోసేస్తున్న."

"ఆగురా తమ్మీ, ఏందది ముందు చూపియ్యి."

"రటాటా."

"ఎలుకకా? లచ్చ డస్ట్ ఎలుకకు పోస్తవా? బొమ్మకు పెట్టుకో, సూస్కో, గంతే."

అన్న చెప్పింది అక్షరాలా నిజం. పుట్టుక మార్కులు సున్నా నుంచి పదిహేనుకు పెరిగితే గ్రౌడన్ లాంటి జీవి దెబ్బలో తేడా నూటికి ఐదారు వంతులే. ఏ జాతి అన్నది మాత్రం రెండింతలు, మూడింతల తేడా తెస్తుంది. జాతి తక్కువదైతే హండో అయినా ఎలుక ఎలుకే.

మన ఎండకు మొక్కే జీవులు

2017 డిసెంబరులో ఈ ఆటలోకి వాతావరణం వచ్చింది. బయట ఎండ కాస్తే ఆటలోనూ ఎండే, వాన పడితే ఆటలోనూ వానే. వాతావరణానికి తగిన జాతులకు దెబ్బ నూటికి ఇరవై వంతులు పెరుగుతుంది. పట్టినప్పుడు డస్ట్ వందకు బదులు 125 వస్తుంది. నల్లగొండ, పాలమూరు వాళ్లకు ఆటలో కలిసొచ్చిన గొప్ప విషయం ఇదే అంటాను. ఎందుకంటే నిర్మలాకాశం బలమిచ్చేది మూడు జాతులకు. నిప్పు, గడ్డి, నేల. రాష్ట్రంలో తక్కువ వాన పడే ఈ మెట్టలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఆకాశం శుభ్రంగా ఉంటుంది. రాత్రిపూట మబ్బు లేకపోయినా అదే లెక్క.

అందుకని ఇక్కడివాడు కళ్లు మూసుకుని డస్ట్ పోయదగిన జీవి గ్రౌడన్. నేల జాతి రాక్షసి, భూములను పుట్టించిందని ఆట కథ. 2023లో దీనికి ఆదిరూపం వచ్చింది. ఆ ఆదిరూపం ధరిస్తే పక్కనున్న జట్టు జీవుల్లో నిప్పు, గడ్డి, నేల దెబ్బలన్నిటికీ బలం చేకూరుతుంది. మూడూ మన ఎండ బలమిచ్చే జాతులే, ఒక్కటి కూడా తప్పలేదు. మే నెల మధ్యాహ్నం మిర్యాలగూడ రోడ్ల మీద మనుషులెవరూ కనపడని వేళ గ్రౌడన్‌కు మాత్రం పండగ. దాని వెనక గార్చాంప్, ఎక్స్‌కాడ్రిల్. గార్చాంప్‌కు 2021 జూన్‌లో, కమ్యూనిటీ డే అనే ఆట వేడుకలో, భూశక్తి దెబ్బ వచ్చాక విలువ పెరిగింది. ఈ ముగ్గురినీ ముప్పై ఐదు దాకా పెంచుకున్నవాడు ఎండాకాలం రైడ్‌లలో తల దించుకోనక్కర్లేదు.

ఆషాఢం గాలి లేచినప్పుడు లెక్క మారుతుంది. గాలికి బలపడేవి ఎగిరే జాతి, డ్రాగన్ జాతి, మనోశక్తి జాతి. పాలమూరులో జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి కొట్టే కొట్టుడుకు రేక్వాజా, డ్రాగనైట్ ఉన్నవాడు మురిసిపోతాడు. పుష్యమాసంలో విజయవాడ హైవే మీద తెల్లవారుజామున మంచు పొగ కమ్మితే చీకటి, దయ్యం జాతులకు బలం. అంత పొద్దున దుప్పటి తీసి ఫోన్ పట్టుకునేవాడు ఎవడన్నది వేరే సంగతి.

ఇక మన జిల్లాలకు పూర్తిగా కొట్టివేసిన వాతావరణం ఒకటుంది, మంచు కురవడం. అది పడితే బలం వచ్చేది మంచు జాతికి, ఉక్కు జాతికి. ఇక్కడ పుట్టి పెరిగిన ఆటగాడు ఉక్కు జాతి మెటాగ్రాస్‌ను ఎంత పెంచినా ఊళ్లో ఉండగా దానికి ఆ ఇరవై వంతులు ఎన్నటికీ అందవు. అలాగని మెటాగ్రాస్ వద్దని కాదు, అది ఎక్కడైనా మంచి జీవే. రెండింట్లో ఒకదాన్నే పెంచగలను అనుకున్నప్పుడు మాత్రం గ్రౌడన్ వైపు మొగ్గాలి.

ఒక చిక్కు. నెలకోసారి వచ్చే కమ్యూనిటీ డే వేళలు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు. ఏ దేశంలోనైనా అక్కడి సమయం ప్రకారం అంతే. లండన్‌లో హాయిగా ఉంటుందేమో గానీ, ఏప్రిల్, మే నెలల్లో జడ్చర్లలో ఆ మూడు గంటలూ రోడ్డు మీద తిరగడమంటే వడదెబ్బను పిలిచి పీట వేయడమే. ఆ రెండు నెలలూ ఇంట్లో కూర్చుని పట్టినన్ని పట్టుకోండి, మిగతావి వదిలేయండి.

బరువులు, కొలతలు, వింత దేహాలు

ఈ ఆటలో అతి గట్టి చర్మం షకిల్‌ది. రక్షణ 396. దాని దెబ్బ 17. ఎవరూ దాన్ని చంపలేరు, అది ఎవరినీ చంపలేదు. దీనికి సరిగ్గా తలకిందులు డియోక్సిస్ దాడి రూపం. దెబ్బ 414, మెగా రూపాలు పక్కనబెడితే ఆటలో దీన్ని మించినది లేదు. రక్షణ 46, తుమ్మితే పోతుంది. ఇద్దరికీ డస్ట్ దండగ. ప్రాణంలో మొదటి స్థానం బ్లిస్సీది, 496. ఇది వేరే కథ, కింద చెప్తాను. ప్రాణంలో ఆఖరి స్థానం షెడిన్జాది, మూలాంకం ఒకటి. పురుగు వదిలేసిన పొట్టు అది, ఎంత పెంచినా పొట్టే.

తేలికైనదీ భయంకరమైనదీ కార్టానా. కాగితం మడిచి కత్తి చేసినట్టుంటుంది, బరువు వంద గ్రాములు, ఎత్తు ఒక అడుగు. దెబ్బ మాత్రం 323. గడ్డి జాతి గనక మన ఎండ దీనికీ కలిసొస్తుంది. మొదట్లో ఇది ఉత్తరార్ధగోళం వాళ్లకే రైడ్‌లలో వచ్చింది, దక్షిణార్ధగోళం వాళ్లకు సెలెస్టీలా ఇచ్చారు. దాని బరువు 999.9 కిలోలు. కాస్మోయెం అనే బుల్లి ముద్ద బరువూ అంతే, పొడవు మాత్రం పది సెంటీమీటర్లు! పిడికిట్లో పట్టే వస్తువు టన్ను తూగుతుందన్నమాట. వెయిలార్డ్ తిమింగలం పొడవు పద్నాలుగున్నర మీటర్లు, బరువు 398 కిలోలు. అంటే ఒక ముర్రా గేదె కన్నా తక్కువ. ఆ కొలతలు రాసినవాడికి త్రాసు అలవాటు లేనట్టుంది. ఈ మొత్తంలో డస్ట్ పోయదగినది కార్టానా ఒక్కటే.

డస్ట్ తినేవాటి గురించే చెబితే ఎలా, ఇచ్చేవాటి మాటా చెప్పాలి. ఆడినో కనపడితే ఎదురుగా బస్సు వెళ్లిపోతున్నా ఆగి పట్టండి. ఒక్కదానికి 2,100. చెత్త సంచి ఆకారంలో ఉండే ట్రబిష్‌కు 750. వీటిని పట్టి పారేయడానికే, పెంచడానికి కాదు.

మన గడ్డ మీద దొరికేవి

కొన్ని జీవులు కొన్ని దేశాలకే పరిమితం. టోర్కోల్ అనే బొగ్గు తాబేలు భారత్ చుట్టుపక్కల ప్రాంతాల్లోనే దొరుకుతుంది. వీపు మీద బొగ్గులు రాజేసుకుని పొగ వదులుతూ తిరుగుతుంది. నిప్పు జాతి గనక మన ఎండకు దానికీ బలమే. కానీ రక్షణ ఎక్కువ, దెబ్బ తక్కువ. ఇక్కడివాళ్లు విసుక్కుని వదిలేసే ఈ తాబేలు కోసం డాలస్‌లో, మెల్బోర్న్‌లో ఉన్నవాళ్లు అడిగి మరీ తీసుకుంటారు. వాళ్లు దసరాకు ఊరొచ్చినప్పుడు అమెరికా ఎద్దు టారోస్‌నో, ఆస్ట్రేలియా కంగాస్కాన్‌నో పట్టుకొస్తారు. ఇచ్చిపుచ్చుకోవాలంటే మామూలుగా ఇద్దరూ వంద మీటర్ల లోపల ఉండాలి కాబట్టి పండగ సెలవులే అదను.

మరో వింత. చెరువుల్లో ఉంటాయని చెప్పే మూడు అరుదైన జీవుల్లో ఆసియాకు యుక్సీ, అమెరికాలకు అజెల్ఫ్, యూరప్, ఆఫ్రికాలకు మెస్ప్రిట్ అని పంచారు. ఇండియాను ఆసియాలో కాక యూరప్, ఆఫ్రికాల లెక్కలో కలిపారు. అందుకే పానగల్లు ఉదయసముద్రం గట్టు మీద నిలబడ్డవాడికీ, పారిస్‌లో ఉన్నవాడికీ ఒకటే మెస్ప్రిట్.

ఇప్పుడు ఈ రెండు జిల్లాల వాళ్లకే పనికొచ్చే లెక్క ఒకటి. మార్పిడిలో రెండు జీవులూ పట్టిన చోట్ల మధ్య దూరం వంద కిలోమీటర్లు దాటితే క్యాండీలు మూడు వస్తాయి, ఎక్స్‌ఎల్ క్యాండీ ఒకటి ఖాయంగా వస్తుంది. పది నుంచి వంద లోపైతే క్యాండీలు రెండే, పది లోపైతే ఒక్కటే. ఈ దూరం రోడ్డు లెక్క కాదు, గాలిలో గీత గీసినట్టు లెక్క. నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు గీత గీస్తే తొంభై కిలోమీటర్ల చిల్లర. మహబూబ్‌నగర్ నుంచి గీసినా అంతకు కాస్త అటూఇటూ. రోడ్డు మీద వంద అనిపించినా ఆట ఒప్పుకోదు. నల్లగొండకూ మహబూబ్‌నగర్‌కూ మధ్య మాత్రం గీత 140 కిలోమీటర్ల దాకా వస్తుంది. పట్నంలో ఉన్న మేనబావ కన్నా పాలమూరులో ఉన్న చిన్నమ్మ కొడుకుతో మార్చుకుంటేనే లాభమన్నమాట.

మార్పిడిలో జీవి లక్కీ అయితే పెంచే డస్ట్ సగానికి సగం తగ్గుతుంది. 5,20,000 కాస్తా 2,60,000. డస్ట్ పోయడానికి ఇంతకన్నా మంచి బేరం లేదు. ఇందులో ఓ తమాషా ఉంది. 2016 జులై, ఆగస్టుల్లో పట్టిన పాత జీవిని మార్చుకుంటే, కొంత పరిమితి వరకు, లక్కీ అవడం ఖాయమని మొదట్లో నియమం పెట్టారు. ఆట మన దేశానికి అధికారికంగా వచ్చింది ఆ ఏడు డిసెంబరు 14న, జియోతో ఒప్పందం కుదిరాక. రిలయన్స్ డిజిటల్ దుకాణాలు, జియో కేంద్రాలు స్టాపులుగా, జిమ్‌లుగా మారాయి. అప్పటిదాకా ఆగినవాళ్ల దగ్గర ఆ పాత సరుకు లేదు. జులైలోనే ఎక్కడి నుంచో ఫైల్ తెచ్చుకుని, ఫోన్‌లో ఎక్కించి, నాలుగు రోజులు ఆడి వదిలేసిన మీ అన్న ఎవరైనా ఉంటే పాస్‌వర్డ్ గుర్తుందేమో అడగండి. వాడి దగ్గరున్న పిచ్చుక కూడా ఇవాళ బంగారమే.

నడకలో రికార్డులు

మాజికార్ప్ ఆటలో పనికిరాని చేప. దాన్ని గ్యారడాస్ అనే మహాసర్పంగా మార్చడానికి 400 క్యాండీలు కావాలి. ఇలా 400 అడిగేవి గుప్పెడే, పన్నెండుతో సరిపెట్టుకునే పిట్ట పిడ్జీ పక్కన పెడితే ఇది మరీ అన్యాయం. తోడుగా నడిపిస్తే కిలోమీటరుకు ఒక క్యాండీ ఇస్తుంది. వట్టి నడకతోనే తెచ్చుకుంటానంటే నాలుగొందల కిలోమీటర్లు, నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు రెండుసార్లు పోయి రావడం.

గ్రౌడన్ అయితే 20 కిలోమీటర్లకు ఒక్క క్యాండీ. రైడ్‌లో ఇరవయ్యో లెవల్‌లో దొరికిన గ్రౌడన్‌ను నలభైకి చేర్చడానికి 248 క్యాండీలు. అన్నీ నడకతోనే అంటే 4,960 కిలోమీటర్లు. దేశంలో అన్నిటికన్నా పొడవైన 44వ జాతీయ రహదారి జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగానే పోతుంది. శ్రీనగర్‌లో బయల్దేరి ఆ రోడ్డు పట్టుకుని కన్యాకుమారి దాకా నడిచి, అక్కడ సముద్రం చూసి, తిరిగి పాలమూరు పొలిమేరకు వచ్చేసరికి ఇంచుమించు ఆ లెక్క సరిపోతుంది. పల్లెవెలుగు బస్సెక్కి లాగించేద్దామంటే కుదరదు. గంటకు పదిన్నర కిలోమీటర్లు దాటిన వేగాన్ని ఆట నడకగా ఒప్పుకోదు. కాబట్టి రైడ్‌లే దిక్కు. 2020 ఏప్రిల్‌లో దూరం నుంచే రైడ్ కొట్టే పాసులు వచ్చాక ఊళ్లో ఉన్నవాళ్లకు ప్రాణం లేచొచ్చింది. 2023 ఏప్రిల్‌లో వాటి ధర పెంచి, రోజుకు ఐదని కట్టడి పెట్టారు. ఆ దెబ్బ నగరం వాళ్లకన్నా మనవాళ్లకే గట్టిగా తగిలింది.

జిమ్ కాపలా, ఊరి స్టాపు

జిమ్‌లో జీవిని కాపలా పెడితే పది నిమిషాలకు ఒక నాణెం. రోజుకు యాభైకి మించి రావు. అంటే ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు ఉంటే చాలు. అయితే ఎవరో ఒకరు దాన్ని ఓడించి ఇంటికి పంపితేనే ఆ నాణేలు చేతికొస్తాయి. నగరంలో కాపలా పెట్టిన గంటకే తన్ని పంపిస్తారు. మన మండల కేంద్రాల్లో సమస్య తలకిందులు. ఓడించేవాడే ఉండడు. వారాలకొద్దీ కూర్చున్నా, ఇంటికొచ్చిన రోజు దక్కేది ఆ యాభయ్యే. అందుకే ఊళ్లో తెలివైనవాళ్లు వేరే రంగు జట్టులో ఒక నేస్తాన్ని చూసుకుని ఒకరినొకరు కొట్టుకుంటారు. ప్రాణం ఎక్కువున్న బ్లిస్సీ ఇక్కడ పనికొస్తుంది. ఒక్క బ్లిస్సీని పెంచుకోండి, చాలు. సీపీ 3,000 దాటిన జీవులకు జిమ్‌లో ఉత్సాహం తొందరగా తగ్గిపోతుంది, కాబట్టి అక్కడ కూడా పెద్ద అంకె మీద మోజు వద్దు.

స్టాపులు కొత్తగా కావాలంటే ఆటగాళ్లే ప్రతిపాదించవచ్చు. గుడి, దర్గా, విగ్రహం, గ్రంథాలయం, పేరున్న చెట్టు లాంటివి పనికొస్తాయి. సొంత ఇల్లు, బడి పనికిరావు. పేరున్న చెట్టు అనగానే పాలమూరు పిల్లలమర్రి గుర్తు రాకుండా ఉండదు. ఏడొందల ఏళ్లదని చెప్పే ఆ మర్రి ఊడలు మూడెకరాల మేర పరుచుకున్నాయి. చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి, పలచని పురుగుమందును చుక్కచుక్కగా ఎక్కించారు. వందల సీసాలు కొమ్మలకు వేలాడుతున్న ఫొటోలు దేశమంతా తిరిగాయి. నిజం జీవికి పవరప్ అంటే అదీ. దేనికి పోయాలన్న సందేహం అక్కడ ఎవరికీ రాలేదు.

తక్కువ దెబ్బే ఎక్కువ బలం

చివరగా, అంకెల మోజును పూర్తిగా తలకిందులు చేసే పోటీ. 2020 జనవరిలో మొదలైన బ్యాటిల్ లీగ్‌లో గ్రేట్ లీగ్ అని ఒకటుంది. అందులో 1,500 సీపీ దాటిన జీవికి ప్రవేశం లేదు. ఆ హద్దు లోపల ఎక్కువసేపు నిలబడాలంటే దెబ్బ మార్కు తక్కువ ఉండి, రక్షణ, ప్రాణం ఎక్కువ ఉండాలి. కాబట్టి సున్నా, పదిహేను, పదిహేను ఉన్న జీవి చాలాసార్లు హండోను మట్టికరిపిస్తుంది. ఇన్నాళ్లూ సున్నా చూసి, అక్కర్లేదని ఆటలోని ప్రొఫెసర్‌కు పంపేసినవాళ్లు ఇప్పుడు నాలుక కరుచుకుంటున్నారు. మెడిచామ్ లాంటి చిన్న జీవి మాత్రం 1,500 అందుకోవాలంటే నలభై లెవల్ దాటించక తప్పదు, దానికి ఎక్స్‌ఎల్ క్యాండీలు తప్పవు. మిగతావి చాలావరకు చవకే.

ఈ పోటీకి స్టాపు అక్కర్లేదు, జిమ్ అక్కర్లేదు, జనం అక్కర్లేదు. సిగ్నల్ ఉంటే దేవరకద్రలో మంచం మీద కూర్చుని టోక్యోవాడితో తలపడొచ్చు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఈ ఆటను 2022లో లండన్‌లో చేర్చారు. 2025 ఆగస్టులో అమెరికాలోని అనాహైమ్‌లో ఆ కిరీటాన్ని మన దేశానికి చెందిన వేద్ బాంబ్ గెలిచాడు. కాబట్టి మూడు రాక్షసులను ముప్పై ఐదు దాకా పెంచుకున్న తరవాత మిగిలే డస్ట్‌ను నలభైకి, యాభైకి ఎక్కించే బదులు, 1,500లో ఒదిగే ఆరుగురి మీద పెట్టండి. అందులో రెండోదెబ్బ తెరిపించడానికి గ్రౌడన్ లాంటివాటికి లక్ష డస్ట్ అయితే చిన్న జీవులకు పది వేలు, యాభై వేలలోనే పని అయిపోతుంది.